వార్తల్లో పదం: ఏబీవీ

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల వార్త వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు 'తాగింది బీరేగా' అంటుంటారు. అలాంటివాళ్లు చూడాల్సింది సీసా లేబుల్‌పై చిన్న అక్షరాల్లో ఉండే ఏబీవీ, అంటే ఆల్కహాల్ బై వాల్యూమ్. 100 మిల్లీలీటర్ల పానీయంలో శుద్ధ ఆల్కహాల్ ఎన్ని మిల్లీలీటర్లుందో చెప్పే శాతం అది.

మన దేశంలో 5 శాతం దాటితే స్ట్రాంగ్ బీరు. గరిష్ఠ పరిమితి 8. విస్కీ సీసాపై మామూలుగా కనిపించేది 42.8. అంకెల్లో బీరు అమాయకమే! కానీ లెక్క వేయండి. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. బార్‌టెండర్ జిగ్గర్‌తో కొలిచి పోసే 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో ఉండేది దాదాపు 26. ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు లార్జ్‌లతో సమానమన్నమాట.

లిక్యూర్లనే తీపి మద్యాలది ఇంకో మాయ. బెయిలీస్ 17 శాతం, క్వాంత్రో ఏకంగా 40. తీపి చాటున ఘాటు నాలుకకు తెలియదు.

పోలీసుల యంత్రానికి మాత్రం బీరా, విస్కీయా అన్నది అనవసరం. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసే.