చిరకగా మారినా వ్యర్థం కాదు

పాతబడేకొద్దీ ద్రాక్షారసం శ్రేష్ఠమవుతుందని వింటుంటాం. అన్ని సీసాల విషయంలో అది నిజం కాదు. ఎర్ర ద్రాక్షారసాల్లో చాలావరకు కొన్నేళ్లలోపే వాడేయడానికి చేసినవి. ఆశతో దాచిన సీసా తెరిచేసరికి పండు రుచి పోయి వగరు మాత్రమే మిగలవచ్చు. బిరడా సందుల్లోంచి గాలి చేరి పులిసిపోనూవచ్చు. మరి, పారబోయడమేనా?

ఫ్రాన్సులోని ఓర్లియాన్ పట్టణం పారబోయలేదు. లోయిర్ నదిలో పడవలపై వచ్చేసరికే పులిసిపోయిన పీపాలను అక్కడివారు చిరకగా, అంటే వెనిగర్‌గా మార్చి శతాబ్దాలపాటు పేరు పొందారు. గాలి తగిలినప్పుడు సూక్ష్మజీవులే ఈ మార్పు తెస్తాయని 1864లో లూయీ పాశ్చర్ వివరించాడు.

బోయజు పొలంలో పరదేశియైన రూతు రొట్టె ముంచుకున్నది చిరకలోనే (రూతు 2:14). కానాలో నీళ్లను మేలైన ద్రాక్షారసంగా మార్చిన ప్రభువు సిలువపై దప్పిగొన్నప్పుడు పుచ్చుకున్నదీ చిరకే (యోహాను 19:30).

విశ్వాసంలో ముప్పై ఏళ్లు గడిచినంత మాత్రాన మనలో మాధుర్యం నిండదు. సంఘంలో కొందరు పెద్దల మాట ఏళ్లు గడిచేకొద్దీ పులుపెక్కుతుంది. అంతమాత్రాన వారిని పక్కన పెట్టేద్దామా? ఎదురుదెబ్బలు తిన్న వారి అనుభవం ఎవరి రొట్టెకు రుచినిస్తుందో చూద్దాం. రేపు అదే చోటు మనకూ అవసరం కావచ్చు.