జిహ్వ చెప్పే సాక్ష్యం

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని పెద్దలన్నారు. ఈ మాట వినగానే రుచిని గూర్చి వాదించుకోవడం వ్యర్థమనిపిస్తుంది. శాస్త్రం కూడా రుచిని గూర్చి వాదించదు, పరీక్షిస్తుంది. ఆ పరీక్ష ఏ విధంగా జరుగుతుందో, దానివల్ల మనకు తెలిసేదేమిటో, ఒమన్‌లోని ప్రతి తెలుగు ఇంటిలోనూ కనిపించే ఖర్జూరపు పండును ఆధారంగా చేసుకొని వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

ఒక శుక్రవారం సాయంత్రం మస్కట్‌లోని మా ఇంట నాలుగు కుటుంబాలు కలుసుకున్నాయి. పళ్ళెంలో రెండు రకాల ఖర్జూరాలు ఉన్నాయి. తేనెరంగులో ఉన్నది ఖలాస్. ముదురు గోధుమరంగులో ఉన్నది ఫర్ద్. "కళ్ళు మూసుకొని తిన్నా ఏది ఖలాసో చెప్పగలను" అని ఒక మిత్రుడు పందెం కాశారు. అదే సమయంలో, ఊరి నుండి వచ్చి మా వద్ద ఉన్న మామగారు ఫర్ద్ పండ్లను ఒకదాని తరువాత ఒకటిగా తింటూ, "ఇది తీపి తక్కువ రకం అమ్మాయీ, దీనివల్ల నాకేమీ కాదు" అని మా శ్రీమతికి నచ్చజెబుతున్నారు. ఆయనకు పదేళ్ళుగా మధుమేహం ఉన్నది.

ఇద్దరూ జిహ్వనే సాక్షిగా నిలబెట్టారు. మొదటిది సరదా పందెం. రెండవది ఆరోగ్యానికి సంబంధించిన విషయం. ఈ సాక్షిని ఎంతవరకు నమ్మవచ్చు?

పచ్చికాయ నుండి పండు వరకు

ఒమన్‌లో ఖర్జూరమే ప్రధానమైన ఫలపంట. ఇక్కడ ఏటా మూడు లక్షల టన్నులకు పైగా పండుతుంది. రకాలు రెండు వందలకు మించి ఉన్నాయి. వేసవి ఆరంభంలోనే పండే నఘాల్, ఎర్రగా నిగనిగలాడే ఖునైజీ, ఆలస్యంగా వచ్చే ఖసాబ్, అందరూ కోరుకునే ఖలాస్, ఎక్కువ కాలం నిలువ ఉండే ఫర్ద్ వాటిలో కొన్ని. చెట్టు మీద ఉండగానే పంటను వేలం వేసే ఆచారం కూడా ఈ దేశంలో ఉన్నది. ఇక మబ్సలీ అనే రకాన్ని పసుపుపచ్చగా ఉన్నప్పుడే కోసి, పెద్ద పెద్ద గంగాళాలలో ఉడికించి, ఎండబెట్టి, తరతరాలుగా భారతదేశానికి ఎగుమతి చేస్తున్నారు. మన పెళ్ళిళ్ళలోనూ ఒడిబియ్యంలోనూ కనిపించే ఎండు ఖర్జూరాలకు ఈ దేశంతో ఇంతటి పాత చుట్టరికం ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. మన ఊళ్ళలోని ఈతచెట్టు, ఇక్కడి ఖర్జూరపు చెట్టు ఒకే ప్రజాతికి చెందినవని వృక్షశాస్త్రం చెబుతుంది.

ఖర్జూరపు కాయ నాలుగు దశలలో పండుతుంది. ఆకుపచ్చ కాయ దశ 'కిమ్రీ'. పసుపు లేదా ఎరుపు రంగు తిరిగి, కొరికితే కరకరలాడే దశ 'ఖలాల్'. మెత్తబడే దశ 'రుతబ్'. తేమ తగ్గి నిలువకు పనికివచ్చే దశ 'తమ్ర్'. ఖలాల్ దశలో కాయలో చేరే చక్కెరలో అధికభాగం సుక్రోజ్, అంటే మనం కాఫీలో వేసుకొనే పంచదార. పండుతున్న కొద్దీ ఇన్వర్టేజ్ అనే ఎంజైము దానిని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలుగా విడగొడుతుంది. ఈ రెండింటిలో ఫ్రక్టోజ్ పంచదార కంటె తియ్యగానూ, గ్లూకోజ్ పంచదార కంటె చప్పగానూ ఉంటుంది.

పచ్చికాయ వగరుగా ఉండడానికి కారణం టానిన్లు. ఇవి మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొని గడ్డకట్టిస్తాయి. అందుచేతనే నోరు పట్టేసినట్లవుతుంది. కాయ పండేకొద్దీ టానిన్లు నీటిలో కరగని రూపాన్ని పొందుతాయి, వగరు తగ్గిపోతుంది. ఏ పండులో ఎంత వగరు మిగిలింది, ఎంత తేమ ఉన్నది, కండ ఎంత గట్టిగా ఉన్నది అనేవి కూడా మనకు తోచే తీపిని మారుస్తాయి.

నాలుక వాటా ఎంత? ముక్కు వాటా ఎంత?

ఉగాది పచ్చడిలో మనం ఆరు రుచులను లెక్కిస్తాం. నేటి శాస్త్రం అయిదింటినే నాలుక గుర్తించే మౌలిక రుచులుగా అంగీకరిస్తున్నది: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ. ఉమామీని జపాను శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో గుర్తించాడు. వగరు ప్రధానంగా స్పర్శకు సంబంధించిన అనుభూతి. తెలుగువారు ప్రాణప్రదంగా చూసుకొనే కారమైతే రుచే కాదు. మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థం వేడిని, నొప్పిని తెలిపే నాడులను తట్టిలేపుతుంది. దానిని గ్రహించే అణుద్వారాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్నది. ఆ పరిశోధనలకు ఆయన 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

నాలుక కొసన తీపి, వెనుక చేదు, పక్కల పులుపు అని చూపే పటాన్ని చాలామంది బడిలో చదువుకొనే ఉంటారు. అది సరియైనది కాదు. రుచిమొగ్గలు ఉన్న ప్రతి భాగమూ అన్ని రుచులనూ గ్రహించగలదు.

మరి ఇన్నివందల పదార్థాలను మనం వేరువేరుగా ఎట్లా గుర్తించగలుగుతున్నాం? ఆ పని అధికభాగం ముక్కుది. నమిలేటప్పుడు వెలువడే ఆవిరులు గొంతు వెనుక దారి గుండా ముక్కులోనికి చేరుకుంటాయి. అక్కడ సుమారు 400 రకాల గ్రాహకాలు ఉన్నాయి. ఈ గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ప్రకటించి, 2004లో నోబెల్ బహుమతి పొందారు. పాఠకులు తమ పిల్లల చేత ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. ముక్కు గట్టిగా మూసుకొని ఖర్జూరం ముక్కను నమలమనండి. తీపి మాత్రమే తెలుస్తుంది. ముక్కు వదలగానే పాకం వాసన, తేనె వాసన ఒక్కసారిగా వచ్చి చేరుతాయి.

కన్ను చేసే మోసం

నాలుక, ముక్కు కలసి సాక్ష్యం చెప్పేలోపే కన్ను తీర్పు చెప్పేస్తుంది. 2001లో ఫ్రాన్సులోని బోర్డో నగర పరిశోధకులు ఒక విచిత్రమైన ఫలితాన్ని ప్రచురించారు. ద్రాక్షసారాయి శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు.

అందుచేతనే రుచులను పోల్చడం పట్టుదలగా సాగించేవారు ముందుగా పేరును, రంగును దాచివేస్తారు. అమెరికాలో రై అనే ధాన్యంతో చేసే విస్కీలను పోల్చి చూసే ఔత్సాహికులను ఉదాహరణగా చెప్పుకోవచ్చు. అక్కడి చట్టం ప్రకారం రై విస్కీ తయారీకి వాడే ధాన్యంలో 51 శాతానికి తక్కువ కాకుండా రై ఉండాలి. లోపలివైపు కాల్చిన కొత్త ఓకు పీపాలలోనే దానిని నిలువ చేయాలి. ఒకే చట్టానికి లోబడి తయారైనవైనా రెండు సీసాల సరకు ఒకటిగా ఉండదు. అందుకని శ్రద్ధ గలవారు సీసాలను మరుగుపరచి, గ్లాసులకు అంకెలు వేసి, ముందు వాసన చూసి, కొద్దిగా నీరు కలిపి మళ్ళీ చూసి, తరువాతనే నోటికి అందిస్తారు. సీసా మీది పేరు, ధర కనిపిస్తే నాలుక వాటినే వల్లిస్తుందని వారికి అనుభవం నేర్పిన పాఠం. పానీయం మాట ఎట్లా ఉన్నా, ఆ పద్ధతి ఖర్జూరానికీ వర్తిస్తుంది.

ఎనిమిది కప్పుల తేనీరు

పేరు దాచినంత మాత్రాన చాలదు. గుడ్డిగా చెప్పినా కొన్ని సార్లు నిజం కావచ్చు. ఈ చిక్కును విప్పినవాడు ఇంగ్లండు దేశపు సంఖ్యాశాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో తేనీరు పోశారో రుచిని బట్టి చెప్పగలనన్నది. ఇటువంటి పరీక్షనే ఫిషర్ 1935లో వెలువడిన తన గ్రంథంలో ఆదర్శ ప్రయోగంగా వివరించాడు.

ఎనిమిది కప్పులు. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు తేనీరు. వరుస క్రమం యాదృచ్ఛికం. ఎనిమిదింటి నుండి నాలుగింటిని ఎన్నుకొనే విధానాలు 70. కనుక ఏమీ తెలియకుండా ఊహించేవారు నాలుగింటినీ సరిగా చెప్పే అవకాశం 70లో ఒక్కటి. మూడు సరిగా, ఒకటి తప్పుగా చెప్పే విధానాలు 16. రెండు సరిగా చెప్పేవి 36. ఈ లెక్క వేసుకున్న తరువాతనే సాక్షిని ప్రశ్నించాలన్నది ఫిషర్ బోధ.

ఆ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినవాడు మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావుగారికి 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి లభించింది. అదే సంవత్సరం 102 ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశారు.

మా ఇంటి పరీక్ష

మా మిత్రుని పందాన్ని ఈ పద్ధతిలోనే పరీక్షించాం. గింజలు తీసి, ఒక్కొక్క రకాన్నీ విడిగా మెత్తగా నూరి, ఒకే పరిమాణంలో నాలుగేసి ఉండలు చేశాం. పిల్లలు చీటీలు తీసి వరుసను నిర్ణయించారు. మిత్రుని కళ్ళకు గంతలు కట్టాం. ఉండకూ ఉండకూ మధ్య నాలుక శుభ్రపడడానికి మరమరాలు, మంచినీళ్ళు ఇచ్చాం.

నాలుగు ఖలాస్ ఉండలలో మూడింటిని ఆయన సరిగా చెప్పారు. "నూటికి 75 మార్కులు!" అని చప్పట్లు మోగాయి. కాని లెక్క మరొకటి చెబుతున్నది. మూడు గాని అంతకు మించి గాని సరిపోయే విధానాలు 70లో 17. అంటే ఊరకే ఊహించినా నలుగురిలో ఒకరికి దాదాపుగా ఈ ఫలితం వస్తుంది. ఇది రుజువు కాదు.

మరుసటి వారం నూరకుండా, పండ్లను ముక్కలుగానే ఇచ్చాం. ఈసారి నాలుగింటికి నాలుగూ సరిపోయాయి. కేవలం ఊహతో అట్లా జరిగే అవకాశం 70లో ఒక్కటే. ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పలేము గాని, ఆయన గుర్తించినది రుచిని కాదు, కండ గట్టిదనాన్ని అని అనుమానించడానికి ఆస్కారం ఉన్నది. పందెం కాసినది జిహ్వ. గెలిపించినవి బహుశా పళ్ళు.

తీపి వేరు, చక్కెర వేరు

ఇక మామగారి వాదన. తీపి తక్కువగా తోచినంత మాత్రాన చక్కెర తక్కువ ఉన్నట్లు కాదని పైన చూచాం. గింజ తీసిన తమ్ర్ దశ పండులో, ఏ రకమైనా, బరువులో సుమారు మూడింట రెండు వంతులు చక్కెరే.

ఒక ఆహారం రక్తంలోని గ్లూకోజును ఎంత పెంచుతుందో కొలిచే అంకెను గ్లైసీమిక్ సూచిక అంటారు. 50 గ్రాముల పిండిపదార్థాలను ఇచ్చేంత ఆహారాన్ని తినిపించి, రెండు గంటలపాటు రక్తాన్ని పరీక్షించి, ఫలితాన్ని శుద్ధ గ్లూకోజుతో పోలుస్తారు. గ్లూకోజు సూచిక 100. మన పొరుగున ఉన్న ఎమిరేట్సులో అయిదు రకాల ఖర్జూరాలను ఈ విధంగా పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యవంతులైన 13 మందిలో ఫర్ద్ సూచిక 54, ఖలాస్ సూచిక 55. మధుమేహం ఉన్న 10 మందిలో అవి 46, 53.

రెండవ జంటను చూసి మామగారు, "చూశావా, ఫర్ద్ తక్కువే కదా!" అన్నారు. ఇక్కడనే మన మిత్రుని 75 మార్కులను గుర్తుచేసుకోవాలి. పదిమందిలో కనిపించిన ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రాగలదే. అయిదు రకాల మధ్య లెక్కకు నిలిచే భేదమేదీ కనిపించలేదనే ఆ పరిశోధకులు ముగించారు. ఈ సూచికలేవీ భయపడవలసినంత పెద్దవి కావు. కాని సూచిక ఒక కొలతకు చెప్పినది మాత్రమే. కొలత పెరిగితే రక్తంలో చక్కెర కూడా పెరుగుతుంది. కనుక మధుమేహం ఉన్నవారు చూసుకోవలసినది పండు రకాన్ని కాదు, పండ్ల సంఖ్యను. ఎన్ని తినవచ్చునో వారి వైద్యుడు చెప్పాలి. తినక ముందు, తిన్న రెండు గంటల తరువాత రక్తపరీక్ష చేసుకుంటే ఎవరి శరీరం ఏమంటున్నదో వారికే తెలుస్తుంది.

మామగారు అట్లాగే రెండు రోజులు పరీక్షించుకున్నారు. అంకెలను ఒక కాగితం మీద వ్రాసుకొని కాసేపు ఆలోచించి, ఫర్ద్ పళ్ళెం పక్కకు నెట్టారు.

"ఏ రకమైనా లెక్క ఒక్కటే అయినప్పుడు, ఇష్టం లేని పండు ఇన్నాళ్ళూ ఎందుకు తిన్నానమ్మా? ఇకమీదట ఖలాసే తింటాను. లెక్కపెట్టి తింటాను" అన్నారు.