కంప్యూటరు మొరాయిస్తే...



పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు, చీటీల లెక్కలు - ఒకప్పుడు ట్రంకుపెట్టెలో దాచుకున్నవన్నీ ఇప్పుడు కంప్యూటరులో దాచుకుంటున్నాం. అలాంటిది ఓ ఉదయం మీట నొక్కగానే తెర నీలంగా మారి, ఏవో ఇంగ్లీషు ముక్కలు చూపించి, మళ్లీ మొదటికే వస్తూ ఉంటే గుండె గుభేలుమనదూ? షాపుకు పట్టుకెళ్తే "ఫార్మాట్ చెయ్యాలండీ" అంటాడు. అంటే డిస్కు మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడమన్న మాట. అతనికి అదే సులువు. మీరు మాత్రం వెంటనే సరే అనకండి.

ఎందుకంటారా? కంప్యూటరులో యంత్రాన్ని నడిపించే ఫైళ్లు వేరు, మనం దాచుకున్నవి వేరు. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయినా, డిస్కు పాతబడినా మొదటి రకంలో ఏదో ఒకటి చెడిపోవచ్చు. మనవి చాలాసార్లు క్షేమంగానే ఉంటాయి. వంటింటి తలుపు బిగుసుకుపోయిందని లోపలి డబ్బాలన్నీ పారబోసుకుంటామా?

2024 జూలై 19న జరిగింది గుర్తుందా? క్రౌడ్‌స్ట్రయిక్ అనే సంస్థ పంపిన లోపమున్న ఫైలొకటి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల కంప్యూటర్లను పడుకోబెట్టింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు! చివరికి చాలాచోట్ల చేసిన చికిత్స, సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలు తీసెయ్యడమే.

విండోస్ 10, 11లలో మరమ్మతు సరంజామా లోపలే ఉంటుంది. వరసగా రెండు మూడుసార్లు మొదలవలేకపోతే తెర మీదికి అదే వస్తుంది. రాకపోతే, మొదలవుతుండగానే పవర్ మీటను 10 సెకన్లు నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండుసార్లు చేసి, మూడోసారి వదిలెయ్యండి. "ట్రబుల్‌షూట్", దానిలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్", ఆపైన "స్టార్టప్ రిపేర్" నొక్కండి. ఒక్కోసారి ఇంతటితోనే బాగవుతుంది.

కాకపోతే అక్కడే "స్టార్టప్ సెట్టింగ్స్"లోకి వెళ్లి రీస్టార్ట్ చేసి, 4 అంకె నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. వచ్చిందా? మరమ్మతు తర్వాత, ముందు మీ ఫొటోలూ పత్రాలూ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. ఆ తర్వాత "కమాండ్ ప్రాంప్ట్"ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్, ఎఫ్, సి అనే మూడక్షరాలు, కాస్త ఖాళీ, కుడికి వాలిన గీత, దాన్నానుకుని "స్కాన్‌నౌ" అని కొట్టండి. విండోస్ తన ఫైళ్లను ఒక్కొక్కటే తరచి చూసి, చెడినచోట మంచి నకలు పెడుతుంది. కొంతసేపు పడుతుంది, మధ్యలో ఆపకూడదు.

కొన్ని ల్యాప్‌టాపులు ఈ దారిలో 48 అంకెల బిట్‌లాకర్ తాళంచెవి అడుగుతాయి. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటరు నడుస్తున్నప్పుడే డైరీలో రాసిపెట్టుకుంటే నయం. మావారు చూసుకుంటారులే అనుకోకండి, వారికీ తెలియకపోవచ్చు!

సేఫ్ మోడ్ కూడా రాకపోతే, డిస్కు విప్పి వేరే కంప్యూటరుకు తగిలించి మన ఫైళ్లు తీసిపెట్టమని షాపతన్ని అడగండి. ఫార్మాట్ మాట ఆ తర్వాతే. మీరే "రీసెట్" చేసేటట్లయితే "కీప్ మై ఫైల్స్" అన్నదే ఎంచుకోండి. ప్రోగ్రాములు పోతాయి గాని మన ఫైళ్లు ఉంటాయి. దాని పక్కనే "రిమూవ్ ఎవ్రీథింగ్" అని మరొకటుంటుంది, దాని జోలికి పోవద్దు.

డిస్కులోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం ఇవేవీ చెయ్యకండి. అది ఫైలు జబ్బు కాదు, డిస్కు జబ్బు. వెంటనే కరెంటు ఆపేసి, డేటా వెలికితీసే పనివాళ్లకే అప్పగించండి.