‘సర్వర్ డౌన్’ వెనుక అసలు కథ

కార్యాలయానికో సర్వర్ పోయి.. అందరికీ ఒకే కేంద్రం
లాభాలెన్ని? జాగ్రత్తలేమిటి?

నరసరావుపేట: పొలం రిజిస్ట్రేషన్ కోసం తెల్లవారకముందే బయలుదేరి మాచర్లకో, గురజాలకో చేరుకున్న రైతు కుటుంబాలకు ఒక్కోసారి మధ్యాహ్నం వరకు వినిపించే మాట ఒక్కటే.. ‘సర్వర్ పనిచేయడం లేదు’. తపాలా కార్యాలయంలో పొదుపు సొమ్ము తీసుకోవాలన్నా, బ్యాంకులో పంట రుణం రెన్యువల్ చేయించుకోవాలన్నా అప్పుడప్పుడూ ఇదే సమాధానం ఎదురవుతోంది. కంప్యూటర్ ముట్టుకోని వారికి సైతం ‘సర్వర్’ అనే మాట సుపరిచితమైంది. అయితే ఆ సర్వర్ ఎక్కడ ఉంటుంది? అది ఆగిపోతే మాచర్లలో పని ఎందుకు నిలిచిపోతుంది? ఒకప్పుడు కార్యాలయంలోనే ఉన్న యంత్రాన్ని దూరంగా ఎందుకు తరలించారు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే ప్రజలు ఎవరిని ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

పక్క గదిలోనే ఉండేది

సర్వర్ అంటే ప్రత్యేకమైన మాయా యంత్రమేమీ కాదు. మిగిలిన కంప్యూటర్లు అడిగిన సమాచారాన్ని వెతికి అందించే పెద్ద కంప్యూటర్. గుమస్తాల బల్లలపై ఉండేవి కౌంటర్లయితే, సర్వర్ రికార్డుల గది వంటిది.

రాష్ట్రంలో ఈ మార్పునకు తొలి ఉదాహరణ రిజిస్ట్రేషన్ శాఖే. దస్తావేజులను చేతితో పుస్తకాల్లోకి ఎక్కించే పద్ధతికి స్వస్తి చెబుతూ 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పథకాన్ని ప్రారంభించారు. తొలుత 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో అమలు చేసి, అనంతరం మిగిలిన వాటికి విస్తరించారు. ఆస్తిపై గతంలో జరిగిన లావాదేవీలను తెలిపే ఈసీ కోసం రోజుల తరబడి తిరగవలసిన అవసరం లేకుండా నిమిషాల్లో చేతికందడం అప్పట్లో పెద్ద వార్త.

అయితే అప్పటి ఏర్పాటులో ఏ కార్యాలయం సర్వర్ ఆ కార్యాలయానిదే. గురజాల పరిధిలోని దస్తావేజుల సమాచారం గురజాలలోనే, నరసరావుపేటది నరసరావుపేటలోనే ఉండేది. ఒక కార్యాలయ సమాచారం మరో కార్యాలయానికి కనిపించేది కాదు. తపాలా శాఖలోనూ ఇదే పరిస్థితి. కోర్ బ్యాంకింగ్ రాకముందు పొదుపు ఖాతాల లెక్కలు ‘సంచయ్ పోస్ట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడికక్కడే ఉండేవి. ఒక ఊళ్లో ఖాతా తెరిచిన వ్యక్తి మరో ఊళ్లో సొమ్ము తీసుకోవాలంటే కాగితాలు కదలవలసి వచ్చేది.

ఎండ, కరెంటు, ఒంటరి సిబ్బంది

కార్యాలయానికో సర్వర్ ఉండటంలో ఒక సౌకర్యం ఉంది. ఫోన్ తీగ తెగినా లోపలి పని ఆగదు. కానీ దాని వెనుక కష్టాలు అంతకంటే ఎక్కువ. రాష్ట్రంలో ఎండల పేరెత్తితే ముందుగా గుర్తుకొచ్చే ఊళ్లలో రెంటచింతల ఒకటి. అటువంటి ప్రాంతంలో పగలంతా ఆగకుండా నడిచే యంత్రానికి చల్లని గది, నిలకడైన విద్యుత్తు, బ్యాటరీలు తప్పనిసరి. చిన్న కార్యాలయానికి ఇవన్నీ సమకూర్చడం సులభం కాదు.

రోజూ సాయంత్రం సమాచారానికి మరో ప్రతి తీసి భద్రపరచాలి. ఆ పని ఒక్క గుమస్తా బాధ్యతగా మారితే, ఆయన సెలవు పెట్టిన రోజున ప్రతి తీసేవారే ఉండరు. డిస్కు చెడిపోతే బాగుచేసే నిపుణుడు గుంటూరు నుంచో, మరింత దూరం నుంచో రావాలి. సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు చేయాలన్నా వందల కార్యాలయాలకు ఒక్కొక్కటిగా వెళ్లాలి. కొన్నిచోట్ల పాతది, కొన్నిచోట్ల కొత్తది నడిస్తే లెక్కలు కలవవు. అన్నింటికీ మించి, కార్యాలయంలో అగ్నిప్రమాదం సంభవించినా, వరద నీరు వచ్చినా ఆ పరిధిలోని రికార్డే ప్రమాదంలో పడుతుంది.

ఈ-మెయిల్‌దీ అదే దారి

ఈ తరలింపు ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఈ-మెయిల్ చక్కని ఉదాహరణ. 1990ల చివర, 2000ల తొలినాళ్లలో పెద్ద సంస్థలు తమ శాఖా కార్యాలయాల్లో వేర్వేరుగా మెయిల్ సర్వర్లు నెలకొల్పుకొనేవి. అప్పటి లైన్లు నెమ్మది కావడమే ఇందుకు కారణం. శాఖలోని 20 మందికి 5 ఎంబీ ఫైలు పంపితే, సర్వర్ అదే గదిలో ఉన్నప్పుడు ఆ పని లోపలి తీగల మీదనే పూర్తవుతుంది. సర్వర్ దూరంగా ఉంటే ఆ ఫైలు ఒకసారి బయటికి వెళ్లి, 20 ప్రతులుగా తిరిగి రావాలి. సెకనుకు 2 మెగాబిట్ల లైన్‌పై ఆ 100 ఎంబీలు దిగేందుకే దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. అంతసేపూ మిగిలిన పనులు మందగిస్తాయి.

2003లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఎక్స్‌ఛేంజ్, ఔట్‌లుక్ సాఫ్ట్‌వేర్లు ఈ చిక్కును కొంత సడలించాయి. ఉద్యోగి ఉత్తరాల ప్రతి ఆయన కంప్యూటర్‌లోనే నిల్వ ఉండి, కేంద్ర సర్వర్‌తో వెనుక నుంచి సరిచూసుకునే పద్ధతి అందుబాటులోకి వచ్చింది. లైన్ కాసేపు తెగినా పాత ఉత్తరాలు చదువుకోవచ్చు, జవాబులు రాసి ఉంచుకోవచ్చు. లైన్ రాగానే అవి వాటంతటవే వెళతాయి. దీంతో పలు సంస్థలు శాఖల్లోని సర్వర్లను తొలగించి ఒకేచోట చేర్చడం మొదలుపెట్టాయి.

ప్రభుత్వ రంగంలోనూ ఉత్తరాలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. అధికారిక వ్యవహారాలకు ప్రైవేటు ఈ-మెయిల్ సేవలు వాడరాదని, ప్రభుత్వ సేవనే వినియోగించాలని కేంద్రం 2015 ఫిబ్రవరిలో విధానాన్ని ప్రకటించింది. నిర్వహణ బాధ్యత జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రానిది. 2025 నాటికి సుమారు 12 లక్షల మంది ప్రభుత్వ ఉద్యోగుల ఈ-మెయిల్ ఖాతాలను జోహో సంస్థ రూపొందించిన వేదికపైకి మార్చారు.

ఇటువంటి ఏర్పాటు వల్ల కలిగే సౌలభ్యం పల్నాడు వంటి కొత్త జిల్లాకు తేలికగా అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడింది. కార్యాలయానికో మెయిల్ సర్వర్ ఉండే పద్ధతిలోనైతే కొత్త యంత్రాలు, కొత్త గదులు, కొత్త సిబ్బంది కావాలి. కేంద్ర వ్యవస్థలో కొత్త చిరునామాలు సృష్టిస్తే సరిపోతుంది.

తరలింపు ఇలా..

యంత్రాన్ని లారీలో ఎక్కించి దించడం కాదు తరలింపు. ముందుగా ఎన్ని ఖాతాలున్నాయి, ఎంత సమాచారం ఉంది, బదిలీ అయినవారివి, పదవీ విరమణ చేసినవారివి ఎన్ని అన్నది లెక్క తీస్తారు. రెండో దశలో పాత ఉత్తరాలను కేంద్రానికి చేరవేస్తారు. పది మంది ఉద్యోగులు, ఒక్కొక్కరికి 2 జీబీ ఉత్తరాలు ఉన్నాయనుకుంటే మొత్తం 20 జీబీ. 2 మెగాబిట్ల లైన్‌ను పూర్తిగా దీనికే కేటాయించినా దాదాపు 22 గంటలు పడుతుంది. అందుకే ఇటువంటి పనిని రాత్రి వేళల్లోనో, రెండో శనివారం, ఆదివారం కలిసి వచ్చినప్పుడో పెట్టుకుంటారు. మరీ నెమ్మది లైన్ అయితే డిస్కులోకి ఎక్కించి మనిషితో పంపడమే మేలు. మాచర్లలో బస్సెక్కిన డిస్కు అదే రోజు గుంటూరు చేరుతుంది.

మూడో దశ చిరునామా మార్పు. ‘ఫలానా కార్యాలయానికి వచ్చే ఉత్తరాలను ఫలానా యంత్రానికి అందించండి’ అని ఇంటర్నెట్‌లో ఒక నమోదు ఉంటుంది. దాన్ని మార్చిన విషయం ప్రపంచంలోని మిగిలిన సర్వర్లన్నింటికీ తెలియడానికి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఇల్లు మారినవారు పాత వీధి పోస్టుమ్యాన్‌కు చెప్పి వెళ్లినట్లే, ఈ వ్యవధిలో పాత సర్వర్‌ను ఆపకుండా ఉంచి, దానికి వచ్చిన ఉత్తరాలను కొత్తదానికి మళ్లిస్తారు. అన్నీ చేరాయని లెక్క సరిచూసుకున్న తర్వాతే పాతది మూసివేయాలి. తొందరపడితే నష్టపోయేది రికార్డే.

బాట పడ్డాకే ప్రయాణం

లైన్లు లేకుండా కేంద్రీకరణ సాధ్యం కాదు. మండల స్థాయి వరకు కనీసం 2 మెగాబిట్ల లైన్ ఉండాలన్న లక్ష్యంతో కేంద్రం 2005 మార్చిలో రాష్ట్రాల నెట్‌వర్క్ పథకాన్ని, 2008 జనవరిలో రాష్ట్ర డేటా కేంద్రాల పథకాన్ని ఆమోదించింది. మొదటిది బాట, రెండోది గోదాము. అనంతరం గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకం, రాష్ట్రంలో విద్యుత్తు స్తంభాల మీదుగా ఫైబర్ లాగిన ఏపీ ఫైబర్‌నెట్ వచ్చాయి.

తపాలా శాఖ రూ.4,909 కోట్ల ఆధునికీకరణ పథకాన్ని 2012లో చేపట్టగా, దేశంలో తొలి కోర్ బ్యాంకింగ్ తపాలా కార్యాలయం 2013 డిసెంబరులో చెన్నై గ్రీమ్స్ రోడ్డులో ప్రారంభమైంది. 2025లో శాఖ మరోసారి కొత్త సాంకేతిక వ్యవస్థకు మారినప్పుడు కార్యాలయాల్లో ఒక రోజు లావాదేవీలు నిలిపివేస్తామని ముందుగానే ప్రకటించారు. రిజిస్ట్రేషన్ల విషయానికి వస్తే, 1983 జనవరి 1 నుంచి జరిగిన లావాదేవీల ఈసీని ఇప్పుడు కార్యాలయానికి వెళ్లకుండానే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. 2023లో ‘కార్డ్ 2.0’ పేరుతో మరో కొత్త విధానం వచ్చింది. సమాచారం ఊరూరా చెల్లాచెదురుగా ఉండి ఉంటే ఈ సౌకర్యాలు సాధ్యమయ్యేవి కావు.

గుడ్లన్నీ ఒకే బుట్టలో..

లాభం ఎంత పెద్దదో, చిక్కు కూడా అంతే పెద్దది. పాత పద్ధతిలో గురజాల సర్వర్ చెడితే గురజాలలోనే పని ఆగేది. ఇప్పుడు కేంద్రం ఆగితే రాష్ట్రమంతా ఆగుతుంది. 2024 జులై 31న చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థపై సైబర్ దాడి జరిగింది. ముందుజాగ్రత్తగా దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి వేరుచేయడంతో దేశంలోని దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు.

ఇంతకంటే తీవ్రమైన ఉదంతం దక్షిణ కొరియాలో చోటుచేసుకుంది. 2025 సెప్టెంబరు 26న డేజియాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకొని 600 పైచిలుకు ప్రభుత్వ వ్యవస్థలు స్తంభించాయి. తపాలా సేవలు సైతం నిలిచాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకొనే ఒక వ్యవస్థలోని 858 టెరాబైట్ల సమాచారానికి వేరేచోట రెండో ప్రతి లేకపోవడంతో అది కాలి బూడిదైంది. సాంకేతికతలో అగ్రగామి అయిన దేశానికే ఈ గతి పట్టింది. ఒకేచోట చేర్చడం తప్పు కాదు, రెండో ప్రతి లేకుండా ఒకేచోట చేర్చడమే తప్పన్నది ఈ ఘటన నేర్పిన పాఠం.

ఏది ఆగింది?

‘సర్వర్ డౌన్’ అన్న ఒక్క మాట వెనుక నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. కార్యాలయం నుంచి కేంద్రానికి వెళ్లే లైన్ తెగి ఉండవచ్చు. రోడ్డు విస్తరణలోనో, పైపుల తవ్వకాల్లోనో కేబుల్ తెగితే జరిగేది ఇదే. రెండోది కేంద్ర సర్వర్ నిజంగానే ఆగిపోవడం. మూడోది ముహూర్తాల రోజుల్లోనో, భూముల విలువలు పెరిగే ముందో అందరూ ఒకేసారి రావడంతో భారం ఎక్కువ కావడం. నాలుగోది ఆధార్ ధ్రువీకరణ వంటి మరో వ్యవస్థ జవాబివ్వకపోవడం. పొరుగు కార్యాలయంలో పని సాగుతోందా అని ఫోన్‌లో కనుక్కుంటే సగం సంగతి తేలిపోతుంది. అక్కడ సాగుతుంటే లోపం స్థానిక లైన్‌దే. దాన్ని సరిచేయించవలసింది స్థానికంగానే.

దస్తావేజు రాయించుకున్నవారు ఆందోళన చెందనవసరం లేదు. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంతకాలు చేసిన నాటి నుంచి నాలుగు నెలల్లోపు దస్తావేజును దాఖలు చేయవచ్చు. తప్పనిసరి కారణాలతో ఆ గడువు దాటినా, రిజిస్ట్రార్ అనుమతితో, జరిమానా చెల్లించి మరో నాలుగు నెలల్లోపు దాఖలు చేసే వీలుంది. వీలునామాకు ఈ గడువే లేదు. అందువల్ల ఒక రోజు సర్వర్ ఆగినంత మాత్రాన దస్తావేజు చెల్లకుండా పోదు.

చేయవలసినవి ఇవీ..

* ప్రతి కార్యాలయానికి ఒకటి కాకుండా రెండు లైన్లు, అవీ వేర్వేరు మార్గాల్లో ఉండాలి. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే ప్రయోజనం లేదు.

* కేంద్రంలోని సమాచారానికి మరో నగరంలో రెండో ప్రతి ఉండాలి. అది పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడూ నడిపి చూడాలి.

* వ్యవస్థ ఆగినప్పుడు కాగితంపై పని నడిపే పద్ధతి సిబ్బందికి తెలిసి ఉండాలి. 2022 నవంబరులో సైబర్ దాడికి గురైన ఢిల్లీ ఎయిమ్స్ దాదాపు రెండు వారాల పాటు చేతి రాతతోనే రోగులకు సేవలందించింది.

* మార్పులు, మరమ్మతులు సెలవు రోజుల్లో చేపట్టాలి. ముందుగా ప్రకటించాలి. దూరం నుంచి వచ్చేవారికి బస్సు ఛార్జీలతోపాటు ఒక రోజు కూలి కలిసి వస్తుంది.

* సర్వర్ ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో, ఎప్పటికి వస్తుందో కార్యాలయం ముందు బోర్డుపై రాయాలి.

బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి మారుమూల మండలాల నుంచి వచ్చేవారికి సర్వర్ ఏ నగరంలో ఉందన్నది ముఖ్యం కాదు. వచ్చిన పని ఆ రోజే పూర్తికావడం, పొలం కాగితం, పొదుపు సొమ్ము భద్రంగా ఉండటమే వారికి కావలసింది. సమాచారం భద్రతకు కేంద్రీకరణ బాట వేసింది. పని ఆగకుండా చూసే రెండో లైన్, రెండో ప్రతి కూడా సమకూరినప్పుడే ఆ ప్రయోజనం పల్లెకు పూర్తిగా అందుతుంది.