తడిసిన ఫోను ఛార్జింగు ఎందుకు ఎక్కదు?

నాన్నగారు వానలో తడుస్తూ ఇల్లు చేరారు. జేబులో ఉన్న ఫోనూ తడిసింది. తుడిచి చూస్తే తెర వెలుగుతోంది, మాట వినిపిస్తోంది. హమ్మయ్య అనుకుని ఛార్జరు తగిలించారు. తెర మీద నీటిబొట్టు బొమ్మ ప్రత్యక్షమైంది. ఛార్జింగు మాత్రం ఎక్కడం లేదు! ఇక హడావుడి మొదలు. అన్నయ్య తన ఛార్జరు తెస్తాడు. పక్కింటి వాళ్ల కేబులు వస్తుంది. అటు తిప్పీ ఇటు తిప్పీ గుచ్చి చూస్తారు.

మీ ఇంట్లోనూ ఇలాంటిది జరిగే ఉంటుంది. నిజానికి ఆ క్షణాన ఫోను పాడవలేదు. పాడవకుండా ఉండేందుకే అది విద్యుత్తు వద్దంటోంది. దాన్ని పాడుచేసేది ఆ తరువాత మనం చేసే ప్రయత్నాలే.

ఎలాగంటారా? ఫోను అడుగంచున ఛార్జరు దూర్చే పోర్టులోకి టార్చి వేసి చూడండి. మధ్యలో సన్నని నాలుకలాంటి పలక, దాని మీద వరుసగా బంగారు రంగు గీతలు కనిపిస్తాయి. టైప్-సి రకమైతే పైన 12, కింద 12, మొత్తం 24 గీతలు. ఒక గీత నడుమ నుంచి పక్క గీత నడుమకు అర మిల్లీమీటరే దూరం. వాటిలో కొన్ని విద్యుత్తును లోపలికి తెస్తాయి, కొన్ని వలయాన్ని పూర్తి చేస్తాయి, మిగిలినవి కబుర్లు మోస్తాయి. చిన్న నీటిబొట్టు చాలు, ఈ గీతల్లో ఎన్నింటినో ఒకేసారి కలిపేస్తుంది.

“నీరు విద్యుద్వాహకం కదా మాస్టారూ!” అని మీరు ఠక్కున అనేస్తారు. అది సగం నిజమే. ఒక్కో భుజం 1 సెంటీమీటరు ఉన్న ఘనమంత శుద్ధజలాన్ని తీసుకుంటే, దాని నిరోధం సుమారు 1 కోటి 80 లక్షల ఓములు! అంటే అది విద్యుత్తును దాదాపు సాగనివ్వదు. కాని ఫోనులో చేరే నీళ్లు అంత శుద్ధమైనవా? వాన చినుకు చొక్కాకు పట్టిన చెమటనూ, జేబులోని దుమ్మునూ కలుపుకునే లోపలికి వెళుతుంది. బోరు నీళ్లయితే చెప్పనక్కరలేదు. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు చూడలేదూ? నీటిలో కరిగిన లవణాలు ధనావేశం, ఋణావేశం గల అయానులుగా విడిపోతాయి. ఆ అయానులే విద్యుత్తును మోసుకుపోతాయి.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1800లో ఇంగ్లండులో విలియం నికొల్సన్, ఆంథొనీ కార్లైల్ అనే ఇద్దరు, వోల్టా కనిపెట్టిన ఘటాల దొంతరను తామూ తయారుచేసి పరీక్షిస్తున్నారు. తీగ సరిగా ఆనాలని పై పలక మీద ఒక నీటిబొట్టు వేశారు. తీగ చుట్టూ బుడగలు లేచాయి! ఆశ్చర్యపోయి, ఈసారి నీళ్లు నింపిన గొట్టంలో రెండు ఇత్తడి తీగలు ఉంచి చూశారు. ఒక తీగ దగ్గర హైడ్రొజన్ వెలువడింది. రెండో తీగ రంగు మారి, తుప్పు పట్టింది. నీటి విద్యుద్విశ్లేషణ అలా బయటపడింది. మీ ఫోను పోర్టులో జరిగేది అచ్చంగా ఇదే. మళ్లీ ఒక నీటిబొట్టే, మళ్లీ రెండు లోహపు కొసలే.

నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. మామూలు ఛార్జరు ఇచ్చేది 5 వోల్టులు. గీతల మీది బంగారం పూత మన వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. కేబులు గుచ్చీ తీసీ అది అక్కడక్కడ అరిగిపోతుంది. దాని అడుగున నికెల్, ఆ కింద రాగి మిశ్రమం. ధనధ్రువమైన గీత దగ్గర ఈ లోహం అయానులుగా మారి కరిగిపోతుంది.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. గ్లాసెడు నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, 9 వోల్టుల చిన్న బ్యాటరీకి తగిలించిన రెండు రాగితీగల కొసలు ఒకదానికొకటి తాకకుండా ముంచండి. పది నిమిషాలు ఉంచి, ఏ తీగ దగ్గర బుడగలు వచ్చాయో, ఏ తీగ రంగు మారిందో నోటుబుక్కులో రాసుకోండి. కిటికీలు తెరిచి ఉంచండి. గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోవద్దు. అక్కడున్నది 230 వోల్టులు, ప్రాణాలు తీస్తుంది.

మరి ఫోనుకు తడి సంగతి ఎలా తెలిసింది? కొన్ని గీతల మధ్య అతి స్వల్పమైన విద్యుత్తు పంపి, నిరోధాన్ని కొలుస్తుంది. ఉండవలసిన దానికన్నా నిరోధం తగ్గితే ‘తడి ఉంది’ అని గ్రహించి దారి మూసేస్తుంది. అన్ని ఫోన్లకూ ఈ తెలివి లేదు. అలాంటి ఫోను తడిసినా మారుమాట్లాడక ఛార్జింగు తీసుకుంటుంది, లోపల గీతలు కరుగుతుంటాయి. బొమ్మ రాలేదు కదా అని ధీమా పడకండి.

ఇప్పుడేం చేయాలి? ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపి, పొడి చేతులతో కేబులు తీయండి. ఫోను ఆపేసి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తరువాత ఫ్యాను గాలికి ఉంచండి. బాష్పీభవనం పాఠం గుర్తుందా? కదిలే గాలి ఆవిరిని ఎప్పటికప్పుడు తరలించి తడిని త్వరగా ఆరుస్తుంది. అరగంట తరువాత ప్రయత్నించవచ్చు. ఇంకా బొమ్మ వస్తుంటే ఒక రోజు ఆగండి. నోటితో ఊదితే నీరు ఇంకా లోపలికి పోతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రం వేడి బ్యాటరీకి మంచిది కాదు.

బియ్యం డబ్బాలో పెట్టే వైద్యం ఉంది చూశారూ, దాన్ని నేను ఒప్పుకోను. నిలవ ఉన్న బియ్యంలోనే నూటికి 12 నుంచి 14 పాళ్లు తేమ ఉంటుంది. పైగా కదలని గాలి. నూకలూ తవుడూ పోర్టులో ఇరుక్కుంటాయి కూడా. ఆపిల్ కంపెనీ సైతం బియ్యంలో పెట్టవద్దనే చెబుతోంది.

పూర్తిగా ఆరాక కూడా ఛార్జింగు ఎక్కకపోతే, నీరు పోయినా లవణం మిగిలిందన్నమాట. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చినట్టు ఆ లవణం మళ్లీ తేమ పీల్చుకుంటుంది. గీతల మీద పచ్చని చిలుము కూడా కనిపించవచ్చు. పిన్నీసుతో గీకకండి. రిపేరు చేసేవారు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడుగుతారు. అది నీటితో కలిసిపోతుంది, త్వరగా ఆవిరవుతుంది, ఏమీ మిగల్చదు. గీతలు తినేసి ఉంటే పోర్టును మార్చాలి. చాలా ఫోన్లలో అది విడి పలక మీద ఉంటుంది కనుక ఫోనంతా మార్చనక్కరలేదు. ఫోను వీపు ఉబ్బినా, ఊరకే వేడెక్కుతున్నా మాత్రం బ్యాటరీకి దెబ్బ తగిలిందేమోనని అనుమానించాలి. దాన్ని ఇక ఛార్జరుకు తగిలించకుండా నేరుగా దుకాణానికి తీసుకెళ్లమని నాన్నగారికి చెప్పండి.