ప్లాటుకి అన్నీ ఉన్నాయట.. ఏటి సంగతి తప్ప!

దసరాకి ఊరెళ్తే నాన్న ఫోన్‌లో ఓ బ్రోచర్ చూపించాడు. శ్రీముఖలింగం దగ్గర కొత్త లేఅవుట్. పైన పెద్ద అక్షరాలతో 'రివర్ వ్యూ'.

''అనుమతికి పెట్టేసినారట. ఇప్పుడైతే తక్కువలో వస్తాది. అడ్వాన్స్ ఇచ్చేద్దామేటి?''

నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ని. భూముల లెక్కలు నాకేం తెలుసు? కానీ ఆ చోటు తెలుసు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వానలకి వంశధార పొంగినప్పుడు ఇప్పుడు బ్రోచర్లో పచ్చగా కనిపిస్తున్న మడుల్లో నీళ్లు నిలబడ్డం నా కళ్లతో చూశా. మా ఏరు పుట్టేది ఒడిశా కొండల్లో. అక్కడ కురిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా పొంగుతుంది. ఎగువన గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, మావాళ్లు పశువుల్ని మెరకకి తోలేస్తారు.

మరి అనుమతి అడిగినవాళ్లు వరద గురించి ఏం కాగితం పెట్టినట్టు?

సమాచార హక్కు దరఖాస్తు పెట్టా. ఇక్కడ ఒక చిట్కా. ''ఎందుకు ఇస్తున్నారు?'' అని అడిగితే జవాబు రాదు. కారణాలు కాదు, కాగితాలు అడగాలి. నేను మూడే అడిగా. జలవనరుల శాఖ నిరభ్యంతర పత్రం, నది అంచు నుంచి కొలిచిన దూరం, వరద మట్టం చూపించే స్కెచ్. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఈ దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజుల గడువు.

ఆ నెల్లోనే సోంపేట కేసు చదివా. మా జిల్లాదే. 2010 జులై 14న థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా, టీవీలో చూసింది అంతే. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసిందని ఇప్పుడే తెలిసింది.

గొడవంతా భూమి గురించి కాగితంలో ఏం రాశారన్నదే. కాగితంలో అది బంజరు. ఊళ్లోవాళ్లకి బీల, అంటే కొండల నుంచి దిగే వాననీరు సముద్రంలో కలిసేముందు ఆగే చిత్తడి నేల. అక్కడ చేపలు పడతారు. ఎత్తిపోతలతో పొలాలు తడుపుకుంటారు. దాన్ని పూడిస్తే నీరు ఊళ్లమీదికే పోతుంది కదా! పర్యావరణ పరిరక్షణ సంఘం, కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈ.ఏ.ఎస్. శర్మ లాంటివాళ్లు ఈ తేడానే పట్టుకున్నారు. ఆ అథారిటీ ఇప్పుడు లేదు. దాని స్థానంలో 2010 అక్టోబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది. పర్యావరణ అనుమతిపై అక్కడికి వెళ్లడానికి మామూలుగా 30 రోజులే టైం.

థర్మల్ ప్లాంటెక్కడ, మా ఊరి ప్లాట్లెక్కడ అంటారా? నిజమే. మాదాంట్లో చూసుకోవాల్సింది 2017 బిల్డింగ్ రూల్స్. మున్సిపాలిటీ బయట నది అంచు నుంచి 100 మీటర్లు వదలాలి, లోపలైతే 50. ఆ అంచు ఎక్కణ్నుంచి అన్నది తేల్చాలంటే నీటిపారుదలవాళ్లు కొలవాలి.

జవాబు ఒక్క పేజీ వచ్చింది. నేనడిగిన పత్రాలు ఫైలులో అందుబాటులో లేవు.

ఆ పేజీ జతచేసి అభ్యంతరం రాసిచ్చా. లేఅవుట్ ఆపెయ్యమని రాయలేదు. కొలిచి, పత్రం తెప్పించాకే అనుమతి ఇవ్వమన్నా. నకలు మీద స్టాంపు వేయించుకున్నా. మీరూ అది మాత్రం మర్చిపోకండి, లేకపోతే ఇచ్చినట్టే లెక్కలేదు.

ఊళ్లో అందరికీ నచ్చలేదు. లేఅవుట్‌కి పొలం అమ్మిన ఒకాయన నాన్నని రోడ్డుమీద ఆపి, ''మీవోడు సదువుకుని ఊరికి అడ్డం పడతన్నాడేటి?'' అన్నాడట. ఆ డబ్బుతో కూతురి పెళ్లి పెట్టుకున్నాడాయన. ఆయన కోపాన్ని తప్పు పట్టలేను. కొనుక్కున్నవాళ్లు ఇల్లు కట్టాక మంచాలెక్కి కూర్చోవాల్సొస్తే ఎవరు పూచీ అని నాన్న అడిగితే మాత్రం మాట్లాడలేదట.

మొన్న ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కొలతలకి వస్తారట, తేదీ చెప్తామన్నారు. సెలవు పెట్టుకుని వెళ్తా. టేపు రెండో కొస పట్టుకోడానికి నాన్న కూడా వస్తానన్నాడు.