నెట్ ఎటు పోతోంది?

పిల్లలూ, "మీ రోజువారీ డేటాలో 90 శాతం వాడేశారు" అన్న మెసేజ్ మధ్యాహ్నం భోజనాల వేళకే వచ్చేస్తోందని మీరంతా మొత్తుకుంటున్నారు. కంపెనీ కాజేస్తోందని ఒకరు, ఫోన్ పాతదైతే నెట్ ఎక్కువ లాగుతుందని ఇంకొకరు. అసలు కారణం ఆ రెండూ కావు. నెట్‌ని తినేసేది బొమ్మ. మనం చూసే బొమ్మ, మనం అడక్కుండానే ఫోన్‌లోకి దిగే బొమ్మ. దాని లోపల ఏముందో తెలిస్తే ఎక్కడ ఆపాలో మీకే తెలుస్తుంది. అందుకే ఇవాళ కాస్త లెక్కలు చెబుతాను, ఓపిగ్గా వినండి.

అక్షరంతో మొదలుపెడదాం. "శ్రీరామ" అని టైపు చేశారనుకోండి. కంటికి కనిపించేవి మూడక్షరాలే. ఫోన్ మాత్రం దాన్ని ఏడు గుర్తులుగా దాచుకుంటుంది. శ, దాని తర్వాత పొల్లు, ర, గుడిదీర్ఘం, మళ్ళీ ర, దీర్ఘం, మ. ఇంటర్నెట్‌లో అందరూ వాడే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. అంటే శ్రీరామకు 21 బైట్లు. కోటిసార్లు రాస్తే 21 కోట్ల బైట్లు, అంటే 210 ఎంబీ. మీ రోజువారీ 1.5 జీబీలో ఏడు రామకోటులు పడతాయన్నమాట. మీ నాయనమ్మ ఏళ్ళ తరబడి పూర్తి చేసిన పుస్తకాలన్నీ కలిపినా ఒక్క పూట డేటాకు సరిపోవు. కాబట్టి ఉత్తరాలు, వార్తలు, కథలు ఎన్ని చదువుకున్నా భయపడక్కర్లేదు.

అక్షరం దగ్గర మనకు నష్టం జరిగేది ఒక్క ఎస్సెమ్మెస్‌లోనే. ఒక ఎస్సెమ్మెస్‌లో ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లిష్‌లో రాస్తే అందులో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 గుర్తులే. ఆ పైన ఒక్క గుర్తు ఎక్కువైనా రెండు మెసేజ్‌లుగా లెక్క కడతారు. పెళ్ళి పిలుపులు ఎస్సెమ్మెస్‌లో పంపేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక బొమ్మ సంగతి. 1080పీ అనే వీడియోలో ఒక్కో బొమ్మకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 3 బైట్లు కావాలి. అంటే ఒక్క బొమ్మకే 62 లక్షల బైట్లు. సెకనుకు ఇలాంటివి 25 వరసగా చూపిస్తే మన కంటికి సాఫీ కదలిక అనిపిస్తుంది. గుణించి చూడండి, సెకనుకు 15 కోట్ల బైట్లు దాటుతుంది. ఉన్నదున్నట్టు పంపితే మీ 1.5 జీబీ పది సెకన్లు కూడా రాదు. మరి గంటసేపు ఎలా చూడగలుగుతున్నాం?

ఇక్కడే నాకు చాలా ఇష్టమైన సంగతి ఉంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అనే ఇంజనీరు 1970ల మొదట్లో అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఒక ఆలోచన చేశారు. బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో వెలుగు నెమ్మదిగా మారే భాగాన్నీ చకచకా మారే భాగాన్నీ విడదీస్తే? చకచకా మారే సన్నటి వివరాలను మన కన్ను అంతగా పట్టించుకోదు. వాటిలో చాలా భాగం వదిలేసినా బొమ్మ బాగానే ఉందనుకుంటుంది. ఈ పనికి డబ్బు కావాలని అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగితే ఇవ్వలేదు, ఆలోచన మరీ తేలికగా ఉందన్నారు. ఆయన పని ఆపలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ఆ ఆలోచనను వ్యాసంగా ప్రచురించారు. కె. ఆర్. రావు అంటే కమిశెట్టి రామమోహన రావు. ఆ ఇంటిపేరు చదివినప్పుడల్లా నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. మీ ఫోన్‌లో తీసే జేపెగ్ ఫోటో, యూట్యూబ్‌లో ఆడే వీడియో, అన్నిటి అడుగునా ఉన్నది ఆ పద్ధతో, దాని సంతతో. ఈ ముగ్గురి పేర్లూ మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

దీనికి తోడు ఇంకో కిటుకు ఉంది. ముందు బొమ్మకూ తర్వాత బొమ్మకూ ఉన్న తేడా మాత్రమే పంపుతారు. వార్తలు చదివే అమ్మాయి వెనక గోడ కదలదు కాబట్టి దాన్ని మళ్ళీ మళ్ళీ పంపే పని లేదు. అదే స్టేడియంలో జనం జెండాలు ఊపుతుంటే, తీర్థంలో రంగులు చల్లుతుంటే తెర మీద ప్రతి మూలా మారిపోతుంది. అప్పుడు ఎక్కువ బైట్లు కావాలి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు సరిగ్గా అలాంటి చోటే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. ఇందాక చెప్పిన గళ్ళు అవే. ఈసారి మ్యాచ్ చూస్తూ గమనించండి.

ఇలా కుదించాక 1080పీ వీడియో సుమారుగా సెకనుకు 4 మెగాబిట్లకు దిగుతుంది. బిట్లు వేరు, బైట్లు వేరు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, డేటాను బైట్లలో అమ్ముతాయి. కాబట్టి 4 మెగాబిట్లంటే సెకనుకు అర ఎంబీ, గంటకు 1800 ఎంబీ. మీ రోజు కోటా గంట తిరక్కుండానే సరి. అదే వీడియోను 480పీలో పెట్టుకుంటే సుమారు 1 మెగాబిట్, గంటకు 450 ఎంబీ. అరచేతిలో పట్టే తెర మీద ఈ రెంటికీ ఉన్న తేడా పట్టుకోవడం కష్టం. టీవీ మీదైతే తెలుస్తుంది, ఫోన్‌లో వద్దు.

వీడియో నాణ్యతను "ఆటో" అని వదిలేస్తే నెట్ వేగం ఎంతుంటే అంత పెద్ద బొమ్మ తెచ్చుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ డేటా త్వరగా అయిపోవడానికి కారణం ఇదే. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్ మీద ఉన్నప్పుడు డేటా సేవర్ అని పెట్టండి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్ళి మొబైల్ డేటా మీద ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా టిక్కులు తీసేయండి. ప్లే స్టోర్‌లో అప్‌డేట్లు వైఫై మీద మాత్రమే అనండి. రీల్స్ చూసేటప్పుడు మీరు ఇంకా చూడని తర్వాతి వీడియో కూడా వెనకాల దిగుతూ ఉంటుంది. వేలితో తోసేసినవాటికీ మీరే డబ్బు కట్టారు. ఏ యాప్ ఎంత తింటోందో ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ అన్న చోట రాసి ఉంటుంది. తిట్టుకునే ముందు ఆ లెక్క ఒకసారి చూడండి.

కోటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 2 ఎంబీ ఫోటో దిగడానికి నాలుగు నిమిషాల పైన పడుతుంది. అక్షరాల మెసేజ్ మాత్రం వెంటనే వెళుతుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మరి కోటా ఉండి, సిగ్నల్ గీతలు నిండుగా ఉండి, రాత్రి తొమ్మిదింటికి వీడియో గిర్రున తిరుగుతూ ఉంటుందేం? ఆ గీతలు టవర్ మాట మీ ఫోన్‌కు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి, అంతే. ఆ టవర్ దగ్గర మీ వాటా ఎంతో చెప్పవు. టవర్ మీది ఒక్కో యాంటెన్నాకు ఉన్న సామర్థ్యాన్ని ఆ వైపున్న ఫోన్లన్నీ పంచుకోవాలి. వీధి వీధంతా భోంచేసి సీరియల్ పెట్టుకునే వేళ అందరికీ కొంచెం కొంచెమే వస్తుంది. పెద్ద ఫైళ్ళు ఏమైనా ఉంటే తెల్లవారుజామున దింపుకోండి.

గీతలే లేకపోతే అది వేరే బాధ. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం వెళతాయి, గోడలు దాటుతాయి. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు, 3500ది 9 సెంటీమీటర్లకు లోపే. ఈ రెండోది 5జీలో ఎక్కువగా వాడేది, మన లోపలి గదులకు చేరేసరికి బాగా నీరసిస్తుంది. అప్పుడు ఫోన్ టవర్‌కు వినిపించడానికి తన గొంతు పెంచుతుంది. 4జీ ఫోన్ మామూలుగా 200 మిల్లీవాట్ల దాకా పెంచగలదు. బస్సు ప్రయాణంలో ఫోన్ వేడెక్కి ఛార్జింగ్ దిగిపోవడానికి ఇదొక కారణం. సిగ్నల్ అసలు లేని దారిలో ఏరోప్లేన్ మోడ్ పెట్టడం మంచి అలవాటు.

చివరిగా, నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. 28 రోజుల "నెల". ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు రీఛార్జి చేయిస్తారు. 13ని 28తో గుణిస్తే 364. కూలి పనికి వెళ్ళేవాళ్ళ ఇంట్లో మూడు ఫోన్లుంటే ఆ అదనపు రీఛార్జి చిన్న భారం కాదు. జనం మొర పెట్టుకోగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటైనా, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటైనా పెట్టాలని. 2024 డిసెంబరులో ఇంకో మంచి మాట చెప్పింది. నెట్ అవసరం లేనివాళ్ళకోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్ ఇవ్వాలని. ప్రత్యేక ప్లాన్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చని కూడా అందులోనే ఉంది.

బటన్ల ఫోన్ వాడే అమ్మమ్మలకు, తాతయ్యలకు ఇప్పటికీ రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ వేయిస్తున్న ఇళ్ళు ఎన్నో చూస్తున్నాను. వాళ్ళు ఒక్క బైటు కూడా వాడరు. ఈసారి వాళ్ళ గడువు అయిపోగానే రీఛార్జి కొట్టు దగ్గర కాల్స్ మాత్రమే ఉన్న ప్లాన్ అడగండి. అలాంటిది లేదంటే కంపెనీ యాప్‌లో ప్లాన్ల పట్టిక అడుగుదాకా జరిపి చూడండి, పై వరసలో కనబడకపోయినా కింద ఉంటుంది.